బొటనవేలు గీసిన చెయ్యి: గోదావరి స్త్రీల పాట, ఆట, లేసు

గోదావరి జిల్లాల్లోనూ, ఆ మాటకొస్తే కోస్తా అంతటా, స్త్రీలు ఇళ్లల్లో పాడుకున్న రామాయణపు పాటల్లో శూర్పణఖ కథ ఒకటుంది. అది వాల్మీకిలో లేదు. రావణుడు చచ్చాడు. రాముడు రాజయ్యాడు. సీత అంతఃపురంలో ఉంది. శూర్పణఖ పగ మాత్రం చల్లారలేదు. సన్యాసిని వేషంలో వచ్చి, రావణుడి బొమ్మ గీసి చూపించమని సీతని అడుగుతుంది. అతని మొహం నేనెన్నడూ చూడలేదు, కాలి బొటనవేలు మాత్రం చూశానంటుంది సీత. సరే, అదే గియ్యమంటుంది శూర్పణఖ. సీత బొటనవేలు గీస్తుంది. మిగతా ఒళ్లంతా శూర్పణఖ పూర్తిచేసి, బ్రహ్మని అడిగి దానికి ప్రాణం పోయిస్తుంది. ఇక ఆ బొమ్మ వదలదు. లంకకి రమ్మని సీత వెంటపడుతుంది. ఇంట్లో ఆడవాళ్లంతా చేరి దాన్ని వదిలించుకోవాలని చూస్తారు. వల్లకాక దాచిపెడతారు. చివరికి అది రాముడి కంటపడుతుంది. సీత గీసింది ఒక్క వేలు. శిక్ష మాత్రం బొమ్మ మొత్తానికి పడింది.

ఈ పాట కట్టినామె ఎవరో మనకి తెలియదు. ఆమెకి బొమ్మలు గీయడం తెలిసే ఉంటుందని నాకనిపిస్తుంది. తను మొదలుపెట్టిన పనిని వేరేవాళ్లు పూర్తిచేసి తన పేరు మీద బయటికి పంపిస్తే ఏమవుతుందో కూడా తెలిసే ఉంటుంది.

గోదావరి డెల్టాలో స్త్రీల కథలూ, పాటలూ, చేతిపనులూ నలుగురిలోకి ఎలా వచ్చాయన్న చరిత్ర రాయాలంటే ఎవరు తెచ్చారు, ఏ పేరుతో తెచ్చారు, తెచ్చినప్పుడు గడప లోపల ఏం వదిలేశారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టక తప్పదు. "మన ఘనమైన జానపద సంపద" అన్న మాటతో మొదలుపెడితే ఈ ప్రశ్నలు అడిగే సందే దొరకదు.

పాటల సంగతే ముందు చూద్దాం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పెరట్లోనో, వసారాలోనో నలుగురాడవాళ్లు చేరినప్పుడు పాడుకున్న పాటలివి. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి, మేనత్త నుంచి మేనకోడలికి వచ్చాయి. మగవాళ్లకి ఇవి వినపడవని కాదు. వినపడినా పట్టించుకోదగ్గవి కావని వాళ్ల లెక్క. ఆ పట్టించుకోకపోవడమే వీటిని కాపాడింది. యుద్ధకాండకి ఈ పాటల్లో పెద్ద చోటు లేదు. కౌసల్య వేవిళ్లూ, పురిటి నొప్పులూ, సీత అప్పగింతలూ, అత్తవారింటి మర్యాదలూ మాత్రం విస్తారంగా ఉంటాయి. రాముడికి శాంత అనే అక్క ఉంది. ఇంటి ఆడపడుచుగా ఆమె మాటకి అధికారం ఉంది. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. తిరిగొచ్చిన లక్ష్మణుడు పక్కన చేరితే, నువ్వెవరు, పరాయి ఆడదాన్ని ముట్టుకున్నవాళ్లకి ఏం గతి పట్టిందో తెలియదా అని నిలదీస్తుంది. అహల్య జోలికెళ్లిన ఇంద్రుణ్ణీ, సీత జోలికెళ్లిన రావణుణ్ణీ గుర్తుచేస్తుంది. 'లక్ష్మణదేవర నవ్వు'లో నిండు కొలువులో లక్ష్మణుడు ఫక్కున నవ్వుతాడు. నిద్రాదేవి తన వాయిదా గుర్తుపెట్టుకుని సరిగ్గా అప్పుడే వచ్చిందని అతని నవ్వు. కొలువులో ఉన్నవాళ్లు మాత్రం ఎవరికి వాళ్లు తమ లోపాన్ని తలుచుకుని, నన్ను చూసే నవ్వాడని కుంచించుకుపోతారు. శివుడితో సహా. ఇంతమంది మర్యాదస్తుల రహస్యాలని ఒక్క నవ్వుతో బయటపెట్టిన కథనశిల్పం ఏ ప్రబంధకవికి తీసిపోతుంది?

ఈ పాటలు అచ్చులోకి రావడంలో రాజమండ్రి పాత్ర చిన్నది కాదు. మంగళహారతులూ, వ్రతకథలూ, స్త్రీల పాటలూ చవక పుస్తకాలుగా వేసిన ప్రచురణకర్తలు అక్కడ ఉండేవారు. ఆ ప్రాంతంవాడే అయిన నేదునూరి గంగాధరం జీవితకాలం పాటు మేలుకొలుపులూ, హారతులూ, వ్రతకథలూ, సామెతలూ పోగుచేశారు. కృష్ణశ్రీ సేకరించిన స్త్రీల రామాయణపు పాటలని హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుస్తకంగా తెచ్చింది. బిరుదురాజు రామరాజు 1958లో అచ్చయిన తన సిద్ధాంత గ్రంథంతో జానపద గేయాన్ని విశ్వవిద్యాలయం లోపలికి తీసుకెళ్లారు. 1991లో పౌలా రిచ్‌మన్ సంకలనంలో వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం ఈ పాటలు భక్తి ముసుగులో జరిగిన ప్రతిఘటన అని ప్రపంచానికి చూపించింది. వీళ్లు ఆ పని చెయ్యకపోతే ఇవాళ ఈ వ్యాసం రాయడానికి ఆధారమే లేదు. ఆ కృతజ్ఞత ఉంచుకుంటూనే ఒక సంగతి చెప్పాలి. పాట అచ్చులోకి వచ్చేటప్పుడు సేకర్త పేరు అట్ట మీదికొచ్చింది. పాడినామె "స్త్రీలు" అనే జాతివాచకంలో కలిసిపోయింది. ఏ ఊరు, ఏ వయసు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎక్కడ గొంతు తగ్గించింది, ఎక్కడ చూసి నవ్వింది అన్నవి పుస్తకానికి అక్కర్లేకపోయాయి. వరస పోయింది. మాట మిగిలింది. మగ కవికి ఊరూ, గోత్రమూ, పోషకుడూ తేల్చడానికి సాహిత్య చరిత్రకారులు చేసిన యుద్ధాలు తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయంగా కనిపించదు.

ఇంకో సంగతి కూడా మనలో మనం ఒప్పుకోవాలి. ఈ పాటలు ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ల ఆడవాళ్లవి. "తెలుగు స్త్రీల రామాయణం" అనేసి ఊరుకుంటే ఊడ్పుల్లో నడుం వంచి పాడిన ఆడవాళ్లు ఏమయ్యారని అడగాల్సి వస్తుంది. వాళ్ల పాటలు పొలం గట్ల మీద అందరికీ వినపడేవే. వాటికి గడపే లేదు. అయినా వాటిని రాసుకోవడానికి వచ్చినవాళ్లు చాలా తక్కువ. వోల్గా 'విముక్త' కథలు 2010లో పుస్తకంగా వచ్చినప్పుడు, 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నప్పుడు, శూర్పణఖతో, ఊర్మిళతో సీత కూర్చుని మాట్లాడుకోవడం మనందరికీ కొత్త ఊపిరిలా అనిపించింది. వసారాలో మొదలైన మాట అక్కడిదాకా వచ్చింది. ఈసారి సంతకంతో.

అదే డెల్టాలో, అదే కాలంలో, ఇంకో వీధి ఉండేది. అక్కడి ఆడవాళ్లు కథలు చెప్పుకోవడానికి పెరటి చాటు వెతుక్కోలేదు. మురమండ, మండపేట, పెద్దాపురం, పిఠాపురం, పశ్చిమాన దువ్వ, బల్లిపాడు. ఈ ఊళ్ల కళావంతుల స్త్రీలు గుడిలో ఆడారు, జమీందారుల కొలువుల్లో ఆడారు, పెళ్లిళ్లలో మేళం కట్టారు. క్షేత్రయ్య పదాలూ, జావళీలూ వాళ్ల నోటే బతికాయి. భామాకలాపం, గొల్లకలాపం వాళ్ల కాళ్ల మీద నడిచాయి. గొల్లకలాపంలో చల్లలమ్మే గొల్లభామ బ్రాహ్మణుడితో వాదానికి దిగి పిండోత్పత్తి దగ్గర్నుంచి యజ్ఞం దాకా వివరిస్తుంది. ఆ పాత్రని ఒక ఆడది, నలుగురి మధ్య, సొంత పేరుతో, డబ్బు తీసుకుని ఆడింది. సంస్కృతం తెలిసి ఆడింది. వసారాలో పాడుకున్నామెకి లేని పేరు ఈమెకుంది. మాన్యాల దస్త్రాల్లో ఉంది, కోర్టు వ్యాజ్యాల్లో ఉంది, పెద్దమనుషుల తిట్లలోనూ ఉంది.

వీరేశలింగం రాజమండ్రి నుంచి మేజువాణీల మీద విరుచుకుపడ్డ కాలం నుంచి 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం దాకా జరిగిన కథ మనకి తెలిసిందే. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడం ఆపాలన్న పోరాటం న్యాయమైనది. దాని వెనక నిజమైన దుఃఖం ఉంది. ఆ వర్గంలో పుట్టిన స్త్రీలు కూడా అందులో పాల్గొన్నారు. కానీ చట్టం అంకితాన్ని ఆపి ఊరుకోలేదు. గుడి ఆవరణలో, ఊరేగింపుల్లో వాళ్ల నాట్యాన్నే నేరం చేసింది. 1956లో ఆంధ్రలో చేసిన సవరణ పెళ్లిళ్లలో మేళాలని కూడా అందులోకి లాగింది. పోషించిన జమీందారుకి శిక్ష లేదు. ఆడినామెకి ఆట పోయింది. మాన్యం పోయింది. అప్పుడు ఆమె ఏం చేసింది? తలుపులు వేసుకుని ఇంట్లో ఆడుకుంది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో డెల్టా ఊళ్లలో తిరిగిన పరిశోధకుడు దవేశ్ సొనేజి, పెద్దవయసు కళావంతుల స్త్రీలు రాత్రిళ్లు ఇళ్లల్లో, తమలో తాము, గుర్తున్న పదాలకి అభినయం పట్టుకోవడం చూసి రాశారు. వసారా ఆడవాళ్ల పాట గడప దాటి అచ్చులోకొచ్చిన శతాబ్దంలోనే వీళ్ల ఆట నడివీధి నుంచి గడప లోపలికి వెళ్లిపోయింది. ఈ రెండు ప్రయాణాలనీ పక్కపక్కన పెట్టి చూడందే మన సాంస్కృతిక చరిత్ర అర్థం కాదని నా నమ్మకం.

తర్వాత బల్లిపాడు వాసి సరిదె మాణిక్యమ్మ లాంటి కళాకారిణుల దగ్గర స్వప్నసుందరి నేర్చుకుని ఆ సంప్రదాయాన్ని మళ్లీ వేదిక మీదికి తెచ్చారు. దానికి 'విలాసినీ నాట్యం' అని పేరు పెట్టడంలో ఆరుద్ర చెయ్యి ఉంది. పేరు అందంగా ఉంది. 'కళావంతులు' అన్న మాట మాత్రం ఆ పేరులో లేదు. ఆ కుటుంబాల నుంచే వచ్చిన యశోదా ఠాకూర్ వంటివారు నాట్యకారిణులుగా, పరిశోధకులుగా తమ వాళ్ల పేర్లతోనే మాట్లాడడం మొదలుపెట్టాక చర్చ స్వరం మారింది.

ఇక లేసు. పాట అచ్చయితే గానీ ఊరు దాటలేదు. లేసు పుట్టడమే ఊరు దాటడానికి పుట్టింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమగోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాలు దీని పరిధి. వార్త రాగానే "మన ప్రాచీన సంప్రదాయ కళ" అని చాలామంది రాశారు. నిజానికి దీని వయసు రెండు వందల ఏళ్ల లోపు. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపారు. 1844లో మెక్రే అనే మిషనరీ దంపతులు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ స్త్రీలకి కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారన్నది అందరూ ఒప్పుకునే మాట. అంతకు ముందు పదేళ్ల కిందటే నందన కరువు కోస్తాని ఊడ్చిపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో గానీ మొదలుకాలేదు. డెల్టా అంటే మనకిప్పుడు గుర్తొచ్చే పచ్చదనం అప్పటికి లేదు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఐర్లండులో బంగాళాదుంప కరువు పడితే, అక్కడి సన్యాసినులు ఆకలితో ఉన్న ఆడవాళ్లకి ఇదే క్రోషే లేసు నేర్పారు. కరువు పడ్డప్పుడు ఆడదాని చేతికి సూది ఇవ్వడం ఆ కాలపు దయ. ఇక్కడ అల్లిన లేసుని మిషనరీలు స్వదేశంలో ఉన్న మిత్రులకి పంపేవారు. దాతృత్వంగా మొదలైంది క్రమంగా వ్యాపారమైంది.

సంప్రదాయం కాదని తీసిపారెయ్యడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆరేడు తరాల ఆడవాళ్ల వేళ్లలో ఉన్నది సంప్రదాయం కాకపోతే ఇంకేది? కాకపోతే దీనికి మొదటి వారసులు దళిత క్రైస్తవ స్త్రీలు. గుర్తింపు పండగలో ఆ ముక్క ఎవరూ గట్టిగా చెప్పలేదు.

దళిత స్త్రీల చేతి నుంచి ఈ పని కాపు ఇళ్లల్లోకి వెళ్లడం దీని చరిత్రలో పెద్ద మలుపు. కాపు కుటుంబాల్లో ఆడది పొలంలోకి వెళ్లకపోవడం పరువు. గోషా అనేవారు. పొలం ఉన్నా లేకపోయినా పరువు ఉండాలి కాబట్టి, ఇంట్లో కూర్చుని చేసే లేసు వాళ్లకి సరిపోయింది. జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నరసాపురం ప్రాంతంలో పనిచేసి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. 2023లో ఆమె కన్నుమూసినప్పుడు ఇక్కడ ఎంతమంది తలుచుకున్నారో గానీ, ప్రపంచవ్యాప్తంగా స్త్రీల శ్రమ గురించి ఆలోచించేవాళ్లకి నరసాపురం పేరు తెలిసింది ఆ పుస్తకంతోనే. లక్షమందికి పైగా స్త్రీలు లేసు అల్లుతున్నారని ఆమె అంచనా వేసింది. రోజంతా అల్లినా చేతికొచ్చేది రూపాయిలోపే. ఎగుమతిదారులందరూ మగవాళ్లే. జనాభా లెక్కల వాళ్లు వస్తే వీళ్లు "గృహిణులు". ఏజెంటు నడిగితే ఇది "తీరిక వేళల్లో చేసుకునే పని". ఇంకా చేదు నిజం ఒకటి ఆమె రాసింది. పొలంలో కూలికెళ్లే దళిత స్త్రీకి లేసు అల్లే కాపు స్త్రీ కంటే ఎక్కువ కూలి వచ్చేది. తిరిగే స్వేచ్ఛా ఎక్కువే. అయినా గోషాలో ఉన్నామె, కూలికెళ్లేవాళ్ల కంటే తాను మెరుగని అనుకునేది. తక్కువ కూలికి పనిచేయించుకోవడానికి కులగౌరవం వ్యాపారికి ఇంతగా ఉపయోగపడిన సందర్భం మన ప్రాంతంలో ఇంకోటి చూపించడం కష్టం.

పని జరిగే తీరు చూస్తే ఇంకా అర్థమవుతుంది. ఒకామె పువ్వులు అల్లుతుంది. అది చేతిపని. ఏజెంటు వాటిని తీసుకెళ్లి ఇంకో ఊళ్లో ఇంకొకామెకి ఇస్తాడు. ఆమె వాటిని కలిపి టేబుల్‌క్లాతుగానో, మంచం దుప్పటిగానో చేస్తుంది. అది అతుకుపని. దారం ఎక్కడ కొన్నారో, చివరికి ఎంతకి అమ్ముడుపోయిందో ఇద్దరికీ తెలియదు. పువ్వు అల్లినామె పూర్తయిన వస్తువుని చాలాసార్లు చూడనే చూడదు. బొటనవేలు గీసి ఊరుకున్న సీతలాగే.

తర్వాత డ్వాక్రా సంఘాలు వచ్చాయి. 2000ల మొదట్లో నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు వచ్చింది. స్త్రీల సహకార సంఘాలు సమాఖ్యగా ఏర్పడి నేరుగా అమ్ముకోవడానికి ప్రయత్నించాయి. భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టింది అలాంటి సమాఖ్యే. అది చిన్న విజయం కాదు. ఇంకోవైపు యంత్రం మీద నేసిన చైనా లేసు ధరతో చేతి లేసు పోటీ పడలేకపోయింది. కూలి గిట్టక చాలామంది సూది పక్కనపెట్టారు. సరస్ మేళాల్లో, శిల్పారామాల్లో ఒకామె కూర్చుని లేసు అల్లుతూ కనిపిస్తుంది. వచ్చినవాళ్లు ఫోటో తీసుకుంటారు. స్టాలు మీద సంఘం పేరో, పథకం పేరో ఉంటుంది. ఆమె పేరు అడిగితే ఒక్కోసారి ఆమే ఆశ్చర్యపోతుంది.

గుర్తింపు వచ్చిందంటే ఇక అల్లేవాళ్లకి మంచిరోజులు వచ్చినట్టేనని రాసినవాళ్లు ఆ చట్టాన్ని ఒకసారి తిరగేస్తే బాగుండేది. వస్తువుల భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. గుర్తింపు సమాఖ్య పేరు మీద ఉన్నా, ఆ ముద్ర వాడుకోవాలంటే ఉత్పత్తిదారు ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. మరి ఉత్పత్తిదారు అంటే ఎవరు? రెండో సెక్షన్లో నిర్వచనం ఉంది. హస్తకళల విషయంలో వస్తువుని తయారుచేసేవాళ్లు ఉత్పత్తిదారులు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వస్తువుల వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉత్పత్తిదారుల కిందికే వస్తారని అదే వాక్యం చెబుతోంది.

అంటే ఏజెంటూ ఉత్పత్తిదారే. ఎగుమతిదారూ ఉత్పత్తిదారే. మీస్ వెళ్లిన రోజుల్లో వాళ్లు కనీసం వ్యాపారులని పిలిపించుకున్నారు. సమాఖ్యలో సభ్యురాలు కాని, రసీదు లేకుండా చేతిపని చేసే ఆడమనిషి తాను ఉత్పత్తిదారునని రుజువు చేసుకోవాలి. కొన్నదానికీ అమ్మినదానికీ బిల్లులున్న వ్యాపారికి ఆ ఇబ్బంది లేదు. అందుకని ఆ 19 మండలాల్లో అధీకృత వినియోగదారుల పట్టీ తయారవుతున్నప్పుడు మనలాంటివాళ్లు చెయ్యగల పని ఒకటుంది. పట్టీ బహిరంగంగానే ఉంటుంది. తెచ్చుకుని చదవొచ్చు. అందులో పువ్వులు అల్లేవాళ్లు ఎందరు, అతుకుపని చేసేవాళ్లు ఎందరు, లేసు ఒక్కనాడూ అల్లనివాళ్లు ఎందరు అని ఊరి పేరుతో సహా లెక్క రాసుకోవచ్చు.